గాలిమనిషి చేతులు

వర్షం పడుతూనే ఉంది. పడనీ, దానికి మాత్రం వేరే పనేముంది. ఈ గంటసేపూ కరెంటు పోకుండా ఉంటే చాలు, తర్వాతి సంగతి తర్వాత చూసుకోవచ్చు, అనుకుంటూ అతను వెనక గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని త్రీడీ ప్రింటర్ ముక్కునే చూస్తున్నాడు. ముక్కంటే పెద్దదేం కాదు, వడ్లగింజంత ఇత్తడి మొన. పైనుంచి ప్లాస్టిక్ తీగను లాక్కుని, కరిగించి, సన్నని దారంలా వదులుతూ, పొర మీద పొర పేర్చుకుంటూ పోతుంది. ముందు గదిలో అతని అసలు బతుకుతెరువు ఉంది, జిరాక్స్ మిషన్ల రిపేరు. పాత మిషన్లకు కావలసిన పళ్ళచక్రాలు బజార్లో దొరకడం మానేశాక, చక్రాలు తనే చేసుకుందామని ఈ ప్రింటర్ కొన్నాడు. ఇవాళ మాత్రం అది చక్రం చెయ్యడం లేదు. గొట్టం చేస్తోంది. ఒక చివర చదరంగా, వెడల్పుగా మొదలై, మెడ వంచి, రెండో చివరకొచ్చేసరికి గుండ్రంగా సన్నబడి, ఆ సన్నటి భాగం చుట్టూ చీలికలున్న గొట్టం. పక్క బల్ల మీదున్న డ్రైయర్ పెట్టెలో దాన్ని బిగించాలి. డ్రైయరంటే తీగచుట్టకు పట్టిన తేమను వెచ్చటి గాలితో ఆరబెట్టే పెట్టె. మూతకు చిన్న అద్దం, ముందువైపు వేడినీ తేమనూ చూపించే అంకెలు, అడుగున అరచేతిలో పట్టేంత ఫ్యాను. ఆ ఫ్యాను గాలిని చుట్ట చుట్టూ తిప్పుతుందే కానీ లోపలికి పంపదు. పైవరసలు ఆరిపోతాయి, లోపలి వరసలు తడిగానే ఉండిపోతాయి. ఆ గాలిని చెవి పట్టుకుని చుట్ట నడుమకు లాక్కెళ్ళడానికే ఈ గొట్టం. "కాసేపు బయటికి రండి, నేను చూస్తుంటాగా" అంది భార్య ఇందాక తలుపులోంచి. "నువ్వు చూస్తే అది అలుగుతుంది" అన్నాడు. "ఎవరు, మిషనా మీరా?" అని ఆవిడ వెళ్ళిపోయింది.

అలిగే వయసా ఇది. యాభై దాటాయి, పొట్ట వచ్చింది, అయినా అక్క నోట్లో తను ఇంకా బక్కోడే. "ఒరే బక్కోడా, కొంచెం పక్కకి జరుగు, నీ పొట్ట నీడ గుడ్డ మీద పడుతోంది" అంటుంది షాపుకు వెళితే. అక్క దర్జీ. దర్జీ అంటే మిషను తొక్కే దర్జీ కాదు, గుడ్డ కోసే దర్జీ. కుట్టడానికి ఇద్దరు ముగ్గురున్నారు, కోసేది మాత్రం ఆవిడే. మనిషిని గుమ్మంలో చూడగానే భుజం ఏ వైపు దిగి ఉందో కనిపెట్టేస్తుంది, టేపు పెట్టేది మర్యాదకే. ఆవిడ కత్తెర నల్ల ఇనుముది, ముంజేయంత పొడవు, అక్కకు పని నేర్పిన మాస్టారు చేతులు వణకడం మొదలయ్యాక ఇచ్చిపోయాడు. ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పాడట, చేతికిచ్చిన కత్తెరను మళ్ళీ వెనక్కి అడగకూడదమ్మా, నేనూ అడగను, నువ్వూ రేపు ఎవరికైనా ఇస్తే అడగకు, అని. ఆయన అడగలేదు కూడా. చివరి రోజుల్లో షాపుకొచ్చి బెంచీ మీద కూర్చుని కత్తెర వంక చూసేవాడు తప్ప ముట్టుకునేవాడు కాదు. ఇప్పుడు అక్క బొటనవేలి కీలు వాచింది, మిగతా వేళ్ళు ఒక పక్కకు వాలాయి. ఇనుప పిడి కీలు మీద ఒరుసుకుని పుండు పడుతోంది. గుడ్డపేలికలు చుట్టి చూసింది, జారిపోయాయి. డాక్టరు వేళ్ళకు సెలవివ్వమన్నాడు. వేళ్ళకి సెలవిస్తే నోరు ఊరుకుంటుందా డాక్టరుగారూ అందట. అంది గానీ, నిరుడు ఎవరిదో కోటు గుడ్డ మీద కత్తెర పక్కకు జరిగింది, అక్క జన్మలో జరగనిది, ఆ రోజు నుంచీ మనసు విరిగిపోయింది. రేపు పొద్దున్న షాపు తెరవగానే కత్తెర తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి చేతికి ఇచ్చేస్తానంది. ఆ అమ్మాయి చేయి తిరిగిన మనిషే, అందులో అనుమానం లేదు. "నేను గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని రండి రండి అంటాన్లే" అంది అక్క, నవ్వుతూనే. ఒక్కసారి ఇచ్చిందంటే అయిపోయినట్టే. మళ్ళీ అడగదు. ఆవిడ సంగతి అతనికి తెలీదా.

కత్తెర పిడిలో బిగిసే మెత్తటి తొడుగు చేస్తానన్నాడు. వంకర వేలికి వంకర తొడుగు. కొలత తీసుకోవడానికి పిండి ముద్ద పట్టుకెళ్ళి అక్క బొటనవేలిని అందులో గుచ్చమంటే, "నా వేలిముద్ర తీసుకుని షాపు రాయించుకుంటావా ఏం?" అని షాపంతా వినపడేలా అరిచింది. కుట్టేవాళ్ళంతా మిషన్లు ఆపి నవ్వారు. ఆ ముద్దలో పడిన గుంటను ఇంటికి తెచ్చి చూసుకుంటే నవ్వు రాలేదు. అక్క వేలు అలా తిరిగిపోయిందని రోజూ చూస్తున్నా తను చూడలేదన్నమాట, పిండి చూపిస్తే గానీ తెలియలేదు. రబ్బరులా వంగే తీగతో మొదటి తొడుగు ప్రింటు చేసి తీసుకెళ్ళాడు. అప్పటికే ముక్కు దగ్గర చిటపటమంది, సాలెగూడు పోగుల్లాంటివి వేలాడాయి, అయినా ఆత్రం కొద్దీ ఒలిచేసి పట్టుకెళ్ళాడు. అక్క వేలు దూర్చి ఒక్కసారి కత్తెర నొక్కింది, పొరకు పొర విడిపోయి చిరిగింది. తీగ తడి తాగేసి ఉంది, అదీ సంగతి. ఎండాకాలంలో కొని అరమీద తెరిచిపెట్టి మర్చిపోయిన చుట్ట, వానాకాలమంతా గాలిలోని తడిని తాగుతూ కూర్చుంది. కొత్తది తెప్పించాలంటే వారం పడుతుంది, వారం ఎక్కడుంది. అక్క చిరిగిన ముక్కను బొత్తాల డబ్బాలో వేసి, "పోనీలేరా" అంది. ఆ మాట వింటే అతనికి ఒళ్ళు మండుతుంది. ఎవరైనా కసిరితే పడొచ్చు, తిడితే పడొచ్చు, అక్క పోనీలే అంటే మాత్రం ఏదో పూర్తిగా పోయినట్టే. బస్సు తప్పిపోతే పోనీలే. కొన్న గొడుగు బస్సులో వదిలేస్తే పోనీలే. అక్క పెళ్ళి కుదిరి తప్పిపోయినప్పుడు కూడా, ఇంట్లో అమ్మ గోడకు తల ఆనించి కూర్చుంటే, అక్క అన్నం వడ్డిస్తూ, పోనీలే అమ్మా, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడు, అంది. ఉప్పు సరిపోయింది. అందరూ తిన్నారు.

ప్రింటర్ ముక్కు ఇప్పుడు గొట్టం మెడ దగ్గరకొచ్చింది. ఇక్కడే భయం, వంపు దగ్గర పొర జారితే మొదటికొస్తుంది. జారలేదు. మంచిదానివే, నా తల్లివే, అలాగే పో. పొద్దున్నే ఒక గొట్టం అయింది నిజానికి. అయింది, అందంగా వచ్చింది, డ్రైయర్‌లో బిగించి వేడి పెట్టి టిఫిను తిని వచ్చేసరికి మెడ వాలిపోయి చుట్ట మీద తల పెట్టుకుని పడుకుంది. వడలిన బీరకాయలా అయింది. చేసింది మామూలు ప్లాస్టిక్ తీగతో. వేడి పెట్టెలో కూర్చోబెట్టే వస్తువును వేడికి మెత్తబడే ప్లాస్టిక్‌తో చెయ్యడం, ఆ తెలివికి తనకు తనే దండేసుకోవాలి. చక్రాలు చేసీ చేసీ చెయ్యి అలవాటుగా ఆ తీగ వైపే పోయింది, బుద్ధి వెనకాల నడుచుకుంటూ వచ్చింది. భార్య ఆ వాలిన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఏమండీ, ఏనుక్కి తొండం ఒక్కటే చేశారు, మిగతా ఏనుగెప్పుడు?" అంది. అతనికి కోపం రావాలి, రాలేదు, నవ్వొచ్చింది, ఎందుకంటే అచ్చం అలాగే ఉంది. ఇప్పుడు వేడికి తట్టుకునే గట్టి తీగ ఎక్కించాడు. అయితే వాలిపోవడం వల్ల ఒక మేలు జరిగింది. ఆ మెడ విరిగి పడుకున్న గొట్టాన్ని చూస్తుంటే, మెడ వాల్చి చేతులు వేలాడేసి నేలమీద పడుకున్న చొక్కా ఒకటి గుర్తొచ్చింది. అప్పటిదాకా అతను గాలిని చుట్ట మీదికి ఊదుదామనే అనుకున్నాడు. మీదికి కాదు, లోపలికి. ఎన్నేళ్ళయింది, నలభై దాటలేదూ, గాలిమనిషిని మర్చిపోయి. ఎలా మర్చిపోయాడసలు. అప్పటికప్పుడు గొట్టం చివరను చుట్ట నడుమ డొల్లలో దూరేలా మార్చి గీశాడు. అక్క దగ్గర ఎప్పుడో తెచ్చుకున్న దబ్బనంతో తీగ చుట్టి ఉన్న అట్ట బొంగుకు లోపలి నుంచి, తీగకు తగలకుండా, మెల్లగా చిల్లులు పొడిచాడు.

చిన్నప్పటి మేడమీద గది. ఒకటే కిటికీ, అది సందులోకి. అమ్మకు బిస్కెట్ల కంపెనీలో సాయంత్రం షిఫ్టు, వచ్చేటప్పుడు చీర అంచుకు తీపివాసన. నాన్న లారీ మీద, వస్తే పండగ, లేకపోతే లేదు. అక్క అప్పటికే మాస్టారి షాపులో బొత్తాలు కుట్టేది, చీకటి పడకుండా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, "విప్పు, విప్పు" అని అతని స్కూలు చొక్కా లాగేసేది. చొక్కా ఒక్కటే. రెండోది ఎప్పుడో పొట్టిదైపోయి అమ్మ దాన్ని పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసింది, తెల్లచొక్కా జేబు ఇంకా కనపడే మసిగుడ్డ. ఎండాకాలం బాధే లేదు, ఉతికి పడేస్తే చిటికెలో ఆరేది. వానాకాలంలోనే చచ్చేచావు. గదినిండా దండేల మీద అమ్మ చీర, దుప్పట్లు, లంగాలు, వాటి కింద నుంచి వంగి నడవాలి, ముఖానికి చల్లగా తగిలేవి, గోడలు చెమటపట్టేవి. ఆ వాసన. ముక్కిపోయిన తడిగుడ్డ వాసన. క్లాసులో వెనక బెంచీ వాడొకడు ఆ వాసనకు ముక్కు మూసుకుని అందరి చేతా మూయించాడు ఒకసారి, అతను ఇంటికొచ్చి అక్కకు ఒక్కదానికే చెప్పాడు, అమ్మకు చెప్పొద్దన్నాడు. ఈ ఒక్క విషయంలో అక్క పోనీలే అనలేదు. అదే కదా విచిత్రం. అన్నిటికీ పోనీలే అనే మనిషి ఆ సాయంత్రం నడుం మీద చెయ్యి పెట్టుకుని, గది మధ్యలో నిలబడి, టేబుల్ ఫ్యాను వంక, తడి చొక్కా వంక, మార్చి మార్చి చూసింది. ఎవరితోనో దెబ్బలాటకు దిగబోతున్నట్టు చూసింది.

తర్వాత ఫ్యానును తీసుకెళ్ళి రెండు పీటల మధ్య వెల్లకిలా పడుకోబెట్టింది, కింద నుంచి గాలి పీల్చుకోవడానికి సందు వదిలి. చొక్కా బొత్తాలన్నీ పెట్టేసి, అడుగు అంచును ఫ్యాను జాలీ చుట్టూ రిబ్బను పెట్టి కట్టింది. మెడను తలపిన్నులతో బిగించింది. స్విచ్ వేసింది. చొక్కా ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచి నిలబడింది! పొట్ట వచ్చింది, ఛాతీ వచ్చింది, రెండు చేతులూ పైకి లేచి ఆడసాగాయి, తల ఒక్కటే లేదు. అతను భయపడి మంచమెక్కాడు. అక్క నేలమీద బోర్లా పడుకుని, పీటల సందులోంచి ఫ్యాను కింద నోరు పెట్టి మాట్లాడింది, మాట ముక్కలు ముక్కలైపోయి చొక్కాలోంచి వచ్చింది. "బ-క్కో-డా, లె-క్క-లు చే-శా-వా?" మంచం మీద నుంచి పడి దొర్లి దొర్లి నవ్వాడు. ఆ రోజు నుంచీ వాడు గాలిమనిషి. రోజూ సాయంత్రం వచ్చేవాడు. వాడికి ఎక్కాలొచ్చు, చాడీలొచ్చు, కింద ఇంటి ముసలాయన దగ్గు వచ్చు, మాస్టారు షాపులో తిట్టే తిట్లన్నీ వచ్చు. అక్క పగలంతా మింగినవన్నీ రాత్రికి వాడి నోట చెప్పించేదేమో, అప్పుడెక్కడ తెలుసు. నవ్వడమే తెలుసు. మధ్యమధ్య ఆరిందా అక్కా అని అడిగితే, "చేతి దగ్గర చెంప పెట్టి చూడు" అనేది. చొక్కా చేతి చివర, గాలి బయటికొచ్చేచోట, చెంప పెట్టేవాడు. గాలి చల్లగా తగిలితే ఇంకా తడున్నట్టు. మామూలు గాలిలా వస్తే ఆరినట్టు. చల్లగా తగిలిన ప్రతిసారీ అతనికి లోలోపల సంతోషం, గాలిమనిషి ఇంకాసేపు ఉంటాడని. ఆరగానే అక్క స్విచ్ ఆపేది. వాడు ముందు చేతులు దించి, తర్వాత పొట్ట పోగొట్టుకుని, మెడ వాల్చి పడుకునేవాడు. ఆ పడుకోవడం మాత్రం చూడలేక గోడ వైపు తిరిగేవాడు అతను.

టక్ మని ప్రింటర్ ఆగింది. కరెంటు పోయిందా? పోలేదు. అయిపోయింది. గంట ఎలా గడిచిందో! పళ్ళెం చల్లారనివ్వాలి, తొందరపడితే అడుగు వంగుతుంది, అని తెలిసీ గోటితో గీకాడు, చురుక్కుమంది, నోట్లో పెట్టుకున్నాడు వేలు. వర్షం కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకుంది. గొట్టం ఊడి చేతికొచ్చింది. నల్లగా, గట్టిగా, ముద్దుగా ఉంది, వంపు దగ్గర వేలితో తడిమితే పొరలు కూడా తెలియడం లేదు. వెడల్పు చివరను ఫ్యాను మీద కూర్చోబెట్టి నాలుగు మరలు బిగించాడు. మెడను పక్కనుంచి వంచి, చీలికల చివరను చుట్ట నడుమకు తోశాడు, కొంచెం బిగుతు, ఇంకొంచెం, దూరింది. అబ్బ. మూత పెట్టాడు. బయట గాలంతా తడే కదా, చుక్క కూడా లోపలికి రానివ్వకూడదని, మూత అంచు చుట్టూ, తీగ బయటికొచ్చే కన్నానికీ, పెట్టె పక్కన గాలికున్న చిన్న గవాక్షానికీ, అన్నిటికీ టేపు వేశాడు, మళ్ళీ ఒక వరస. చీమ దూరదిక. స్విచ్ వేశాడు. ఫ్యాను గొంతు మారింది, ఇదివరకు ఊరికే గీపెట్టేది, ఇప్పుడు బరువైన పని మీదున్నట్టు గురగురమంది. కాగితం ముక్క పెట్టి చూడాలనిపించింది కానీ మూత తీస్తే ఎలా. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. వేడి అంకె ఎక్కింది, ఎక్కాలి. తేమ అంకె కూడా ఎక్కింది. అదేంటి? ఇంకా ఎక్కింది. పొద్దున్న నలభైల్లో ఉన్నది యాభైలు దాటిపోయింది, అరవైలోకొచ్చి అక్కడే మఠం వేసుక్కూర్చుంది. అద్దం లోపలివైపు ఆవిరి పట్టింది. ఆరబెట్టమని పెడితే తడుపుతోందేమిటిది. తలుపులోంచి భార్య, "ఏమైందండీ, మొహం అలా పెట్టారు?" అంటే, "ఏం కాలేదు" అన్నాడు, ఏం కాలేదనడం ఎలాగో కూడా చేతకాలేదు. రేపు పొద్దున్న. అక్క కత్తెరను మేకు మీద నుంచి తీసి, గుడ్డతో తుడిచి, పిడి అటువైపు తిప్పి ఇస్తుంది. పోనీలేరా అంటుంది. కళ్ళకు కట్టినట్టు కనబడుతోంది, పిడి అటువైపు తిప్పడం.

ఏదో వదిలేశాడు. గాలిమనిషిలో ఉన్నదేదో ఇక్కడ లేదు. ఏమిటది? రిబ్బనుకు బదులు మరలున్నాయి, చొక్కా పొట్టలోకి పోయినట్టే చుట్ట పొట్టలోకి గాలి పోతోంది. పొట్ట. చొక్కా పొట్ట ఇంత లావుగా ఉబ్బిన సాయంత్రం ఒకటి గుర్తుంది, గుండ్రంగా, గదంతా వాడే, చేతులు రెండూ ఉబ్బిన దిండ్లలా, నవ్వీ నవ్వీ పొలమారిన సాయంత్రం. అది గుర్తుందే కానీ తర్వాతది లేదు. ఫోను తీశాడు. అక్కకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది.

"ఏరా బక్కోడా, వానలో ఫోనేంటి? అందరూ బానే ఉన్నారా?" వెనక కుట్టుమిషన్ల చప్పుడు.

"బానే ఉన్నాంలే. అక్కా, నీకు గాలిమనిషి గుర్తున్నాడా?"

అక్క నవ్వింది. ఆ నవ్వు షాపులో నవ్వే నవ్వు కాదు, మేడమీద గది నవ్వు.

"వాణ్ణెలా మర్చిపోతానురా, మనింట్లో కడుపునిండా ఉన్నవాడు వాడొక్కడే కదా. ఏం, ఇవాళ ఎందుకొచ్చాడు గుర్తు?"

"వాడికి మెడ ఎందుకు బిగించేదానివి?"

"మెడ వదిలేస్తే గాలి నిటారుగా పైకి పోద్ది. చంకల దగ్గర గుడ్డ మందం, అక్కడ ఆరి చావదు. మెడ మూస్తే అటు తిరిగి చేతుల్లోంచి పోవాలి కదా."

"చేతులూ మూసేస్తే?"

"మూశావుగా నువ్వు ఓసారి! మర్చిపోయావా? వాణ్ణి లావు చెయ్యాలని నా పిన్నులన్నీ తెచ్చి రెండు చేతులూ బిగించేశావు. నేను వంట దగ్గరున్నాను, చూసుకోలేదు. వాడు భలే ఉబ్బాడులే, నువ్వు ఒకటే నవ్వు. పొద్దున లేచి చూస్తే పిండితే నీళ్ళు కారేలా ఉంది చొక్కా. గాలి పోడానికి దారి లేకపోతే తడెక్కడికి పోతుందిరా, అందులోనే తిరుగుద్ది."

అతని చూపు టేపు మీదికి పోయింది. ఒక వరస కూడా కాదు, రెండు వరసలు.

"ఆ రోజు స్కూలుకి ఎలా వెళ్ళాను?"

"ఎక్కడ వెళ్ళావు? నేను పంపితేగా! పిన్నులు తీసి, మళ్ళీ ఫ్యాను పెట్టి, ఆరేదాకా ఇద్దరం కూర్చున్నాం. నువ్వు మధ్యాన్నం వెళ్ళావు, నేను మధ్యాన్నం వెళ్ళాను. మాస్టారు నన్ను షాపు గుమ్మంలోనే నిలబెట్టి అందరి ముందూ ఉతికి ఆరేశారు, నీ చొక్కా కన్నా బాగా. సర్లే, ఎందుకివన్నీ అడుగుతున్నావు?"

చెప్పాడు. గొట్టం సంగతి, పొద్దున వాలిపోయిన దాని సంగతి, చుట్టకు గుచ్చిన చిల్లుల సంగతి, ఎక్కి కూర్చున్న అంకె సంగతి. చెబుతుంటే మధ్యలో గొంతు చిన్నపిల్లాడిదైపోతోందని తెలుస్తూనే ఉంది, ఆపుకోలేదు. అక్క ఊఁ కొడుతూ అంతా విని, "అయితే నీ పెట్టెకి చేతులున్నాయా?" అంది.

"ఉన్నాయి," అన్నాడు. "మూసేశాను."

"నీ బుద్ధి మారలేదురా!" అని అక్క ఎంత గట్టిగా అరిచిందంటే వెనక మిషన్లు ఆగిపోయాయి. అతను ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని టేపు చివర గోటితో లేపి, చర్రున లాగాడు. గవాక్షం తెరుచుకుంది. తీగ కన్నం మీదిదీ లాగాడు. మూత అంచు చుట్టూ ఉన్నది మాత్రం ఉండనిచ్చాడు, అది మెడ. ఏదో వెచ్చగా వేళ్ళకు తగిలింది, ఇంతసేపూ బిగబట్టిన ఊపిరి.

"అక్కా, ఇది రాత్రంతా ఆరాలి. పొద్దున తొడుగు ప్రింటు పెడితే అవ్వడానికి టైము పడుతుంది. నువ్వేమో పొద్దున్నే ఇచ్చేస్తానన్నావు. తెల్లారుజామున లేచి, ఎంత ఆరితే అంత, ఏదో ఒకటి చేసి పట్టుకొచ్చేస్తాను. మొన్నటిదాని కన్నా నయంగానే ఉంటుంది..."

"ఎంత ఆరితే అంతా?" అక్క గొంతులో నవ్వు పోయింది. "తడి చొక్కాతో నిన్నెప్పుడైనా గడప దాటనిచ్చానట్రా నేను? తడిది నా దగ్గరికి తేకు. పూర్తిగా ఆరనివ్వు. రేపు కాకపోతే ఎల్లుండి, లేకపోతే ఆపై రోజు. ఆరేదాకా ఆగుతాను."

"మరి కత్తెర..."

అక్క ఫోను పక్కకు తిప్పి ఎవరికో చెప్పింది, వినబడింది: "అమ్మాయ్, రేపిస్తానన్నది రేపు కాదులే. కత్తెర ఆ మేకుకే ఉండనీ. మా వాడి చొక్కా ఇంకా ఆరలేదు." ఆ అమ్మాయికి ఏం అర్థమైందో ఏమో, "అలాగేనమ్మా" అంది, గొంతు తేలిగ్గానే ఉంది. ఫోను పెట్టేశారు, ఎవరు ముందు పెట్టారో తెలియలేదు.

వర్షం పడుతూనే ఉంది. అంకె ఇంకా దిగలేదు, దిగుతుంది, దిగకపోతే చూద్దాం. అతను పీటను బల్ల దగ్గరికి లాక్కుని, వంగి, గవాక్షం దగ్గర చెంప పెట్టాడు. ఇంత చిన్న పెట్టెలోంచి, ఇంత వెచ్చటి గాలిలోంచి తడి తెలియదని అతనికి తెలుసు, అంకెలు చూసి తెలుసుకోవాల్సిందే. అయినా పెట్టాడు. గాలి చెంప మీద ఆడుతూ ఉంది, ఫ్యాను లోపల ఏదో ముక్కలు ముక్కలుగా మాట్లాడుతూ ఉంది. ఎంతసేపు అలా ఉన్నాడో, భార్య కాఫీ పట్టుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ఆరిందేమో చూస్తున్నా."

"ఆరిందా?"

"లేదు, ఇంకా తడే," అన్నాడు అతను, మంచం మీద నుంచి పడి నవ్విన పిల్లవాడి మొహంతో.